క్రొత్త కంప్యూటరునకు సంఘపు లెక్కలు

శ్రీశైలము జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విప్పి, అలంపురమున మరల నిలిపిరి. లెక్కలను క్రొత్త కంప్యూటరునకు మార్చుటయు నట్టి పనియే. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణ పథకమును కేంద్రప్రభుత్వము 2022లో ఆమోదించెను.

1. ముందుగా దస్త్రములకు రెండు నకళ్లు తీసి, ఒకటి వేరొకచోట దాచవలెను.

2. సాఫ్టువేరు వేళ్లు యంత్రమున పలుచోట్ల నుండును. ఒక భాగమును నకలుచేసిన, వేరుతెగిన మొక్క యగును. కావున దానిని క్రొత్తగా స్థాపించి, పిమ్మట దస్త్రములను చేర్పవలెను.

3. దస్త్రముల సంఖ్యను, ప్రతి సభ్యుని బాకీని పాతవానితో సరిచూడవలెను. సరిపడువరకు పాతయంత్రమును తుడిచివేయరాదు.

రైతుసోదరులారా! తీర్చిన అప్పు మరల బాకీగా నెక్కినచో నష్టము మీదే. రసీదులు, పాసుపుస్తకము తెచ్చి సరిచూచుకొనుడు.