రాయి కంటే ముందు వాగు

సంగారెడ్డి



నీ ఫోటోలు అందాయి బిడ్డా. కిటికీలో వరసగా పేర్చినవాటిలో ఆకుపచ్చదీ నీలందీ రాళ్ళు కావు, సీసా పెంకులు. నీళ్ళలో దొర్లి అంచులు అరిగాయి, అంతే. భూతద్దం పెట్టి చూడు, లోపల గుండ్రటి గాలి బుడగలు కనబడతాయి. తెల్లవన్నీ మామూలు పలుగురాళ్ళు. బూడిదరంగుది మాత్రం పారెయ్యకు.

ముందు కోప్పడనీ. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగులో ఇంకెప్పుడూ దిగొద్దు. ఆ వాగు కాలుష్యం మీద 1990లోనే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోలు చూసేదానివి, ఆ అంకె ఎంత పెద్దదో నీకు నేను చెప్పాలా? ఆ తర్వాత ఆ నీళ్ళను పైపులైనులో అంబర్‌పేట వైపు మళ్ళించారు, నిజమే. అడుగున పేరుకున్న బురదను మాత్రం ఎవరూ మళ్ళించలేదు.

పైగా నువ్వు కోరే చారల రాయి, అకీకు, కోసం అక్కడ వెతకడం దండగ. పటాన్‌చెరు కింద ఉన్నది గ్రానైటు. అది అరిగితే ఎర్రమట్టి, ఇసుక, పలుగురాయి మిగులుతాయి. అకీకు పుట్టిల్లు నల్లరాతి సీమ. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కను మీద లావా పొరలు పొరలుగా పారింది. గడ్డకట్టేటప్పుడు అందులోని ఆవిరి బుడగలు ఖాళీ గూళ్ళుగా మిగిలిపోయాయి. సిలికా కరిగిన నీరు ఆ గూళ్ళలోకి ఊరి, గోడల వెంట పూత మీద పూత వేసింది. ఆ పూతలే మనకు కనిపించే చారలు. ఇనుము కలిస్తే ఎరుపు. కాలక్రమాన నల్లరాయి చివికి రేగడి అయింది, లోపలి గట్టి గుండు మాత్రం అలాగే మిగిలి వాగులో పడింది. ఆ లావా తూర్పు అంచు మన జిల్లా పడమటి కొసలో, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన కేంద్రానికి ఎప్పుడైనా వెళ్తే చూడు, ఒకే ఆవరణలో ఎర్రనేలా నల్లనేలా రెండూ ఉన్నాయి. ఎర్రదాన్ని పటాన్‌చెరు నేల అనీ, నల్లదాన్ని కాసిరెడ్డిపల్లి నేల అనీ శాస్త్రవేత్తలు పిలుస్తారు. ఆ నల్లదనం నల్లరాతి సీమ నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రుదే.

మరి అకీకులా ఉన్న ఆ బూడిదరంగుది నీకెలా దొరికింది? ఇల్లు కడుతున్నచోట ఇసుక కుప్పలో ఏరానని రాశావు. అది మంజీర ఇసుక కావచ్చు. మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో పుట్టి, బీదర్ మీదుగా నల్లరాయిని ఒరుసుకుంటూ మన దగ్గరికి వస్తుంది. కానీ లారీ ఏ రేవు నుంచి తెచ్చిందో ఎవరికి తెలుసు? అందుకే నా లెక్కలో ఆ రాయి సగమే. ఊరూ పేరూ తెలియని రాయి షోకేసుకు పనికొస్తుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. ఇకనుంచి ఏది ఏరినా ఏ వాగు, ఏ గట్టు, ఎగువన ఏ రంగు నేల అన్నది చీటీ రాసి రాయితోపాటు పొట్లం కట్టు. బద్ధకించకు.

ఎలా గుర్తుపట్టాలంటావా, పైకి అందంగా ఉన్నదాని జోలికి పోకు. అకీకు తొక్క ఎండిన చిలగడదుంపలా గుంటలుపడి మురికిగా ఉంటుంది. తడిపి, ఫోను టార్చి వెనక పెట్టు. వెలుగు లోపలికి పాకితే ఆశ పెట్టుకోవచ్చు. చాకు మొనతో గీస్తే గీత పడదు, ఆ రాయే గాజు మీద గీతలు పెడుతుంది. పొద్దున్నే ఎండకు ఎదురుగా నడువు, గులకరాళ్ళలో అదొక్కటే దీపం పెట్టినట్టు మెరుస్తుంది. ఎరుపెక్కుతుందని స్టవ్ మీద కాల్చకు, పగిలి కంట్లో పడుతుంది. గుజరాత్‌లోని ఖంభాత్ అకీకు పనివాళ్ళు కాల్చే పద్ధతి వేరు, ముందు ఎండలో ఆరబెట్టి, కుండల్లో పెట్టి నిదానంగా కాలుస్తారు. సానపట్టాలనుకుంటే తడి మీదే పట్టు. ఆ పొడి పీల్చే ఖంభాత్‌లో ఎందరో సిలికోసిస్ పాలయ్యారు.

మంజీర అభయారణ్యంలో మాత్రం ఏరకు. చట్టం ఒప్పుకోదు, మొసళ్ళు అసలే ఒప్పుకోవు. ఇక రాశి చూసి ఉంగరంలో పొదుగుతామనే వాళ్ళ దగ్గర నీ జీతం తగలెయ్యకు.

రాళ్ళు ఏరడం మొదలుపెట్టే ముందు మన జిల్లాలోని కొండాపూర్ చూసి రా. శాతవాహనుల కాలపు ఊరు. 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖకు చెందిన యజ్దానీ గారి ఆధ్వర్యంలో తవ్వారు, నాణేలతోపాటు అకీకు పూసలూ బయటపడ్డాయి. అక్కడి మ్యూజియంలో ఆ పూసల బెజ్జాలు దగ్గర్నుంచి చూడు. ఇంత గట్టి రాయికి ఈ కొస నుంచి ఆ కొసకు చేత్తో బెజ్జం వేశారంటే ఎంత ఓపిక! నీకూ నాకూ లేదు. తవ్విన దిబ్బ మీద పూస కనబడినా, చెక్కిన రాతిముక్క కనబడినా ముట్టుకోకు. అవి పురావస్తువులు, మ్యూజియం వాళ్ళకు చెప్పు.

వానలు తెరిపిచ్చాక, వాగు కొత్త గులకరాళ్ళు పరిచాక, ఒక ఆదివారం జహీరాబాద్ బస్సెక్కుదాం. నారింజ వాగు వైపు పోదాం. పొలాల వాళ్ళను అడిగే గట్టు దిగాలి. గట్టి చెప్పులు, గోనెసంచి, చీటీలకు పాత క్యాలెండరు కాగితాలు తెచ్చుకో. కొండాపూర్‌కు శుక్రవారం మాత్రం పోకు, సెలవు.

మీ మామ