పందెపు గుర్రముల వీపున బరువు

మలక్‌పేట రేసుకోర్సు ప్రక్కగా పోవు విద్యార్థులలో పలువురు గుర్రపుపందెము కేవలము వేగమునకు పరీక్ష యని తలంతురు. అందు బరువుల లెక్క యొకటి కలదని ఎరుగరు. పణమొడ్డుట మాకు సమ్మతము కాదు. ఆ లెక్కయే మా విషయము.

పందెమునకు ముందు జాకీ జీనుతో సహా త్రాసునెక్కును. విధించిన బరువునకు తక్కువైనచో జీను క్రింది గుడ్డ అరలలో సీసపు పలకలు చేర్తురు. గెలిచి వచ్చినవాడు మరల తూగవలెను.

బొంబాయిలోని ఇండియన్ డెర్బీలో పరుగిడునవన్నియు నాలుగేండ్ల గుర్రములే. మగవాటికి 57 కిలోలు, ఆడవాటికి 55.5 కిలోలు. పూర్వపు గెలుపోటములను ఇచట లెక్కింపరు. వయోభేదమున్న పందెములకు వేరు పట్టిక కలదు. పారిస్‌లోని ఆర్క్ పందెమున మూడేండ్ల మగగుర్రము 56.5 కిలోలు మోయగా, అంతకు పెద్దది 59.5 మోయును. ఏడాది గడచుకొలది లేతగుర్రము బలపడును గనుక ఇట్టి మినహాయింపు క్రమముగా తగ్గుచుండును. ఈ పద్ధతిని 19వ శతాబ్దమున ఇంగ్లండులో తీర్చిదిద్దినవాడు అడ్మిరల్ రౌస్. ఓడలు నడపిన చేతులే గుర్రములను తూచినవి!

వివాదమంతయు హాండికాప్ పద్ధతితోనే. ఇందు ప్రతి గుర్రమునకు దాని పూర్వపు ఫలితములను బట్టి అంకెలు వేయుదురు. మన దేశమున ఒక్కొక్క అంకెకు అరకిలో. 76 అంకెల గుర్రము 60 కిలోలు మోసినచో, 60 అంకెలది 52 కిలోలే మోయును. గుర్రములన్నియు ఒక్కసారిగా గమ్యము చేరవలెనని నిర్ణేత ఆశయము.

గెలిచినదానికే భారము పెంచుట ఇన్సాఫ్ అగునా యని మా ఉర్దూ మిత్రులు ప్రశ్నించిరి. ప్రశ్న తేలికైనది కాదు. ఆస్ట్రేలియాలో ఫార్ లాప్ అను గుర్రము 1930లో 138 పౌనులు మోసి మెల్‌బోర్న్ కప్పు గెలిచెను. మరుసటి యేడు 150 పౌనులు మోపగా ఎనిమిదవదిగా వచ్చెను. 96 పౌనులు మోసిన వైట్ నోస్ గెలిచెను. అయితే 1890లో కార్బైన్ 145 పౌనులతోనే అదే కప్పు గెలిచెనన్నది మరువరాదు. కావున పద్ధతి తప్పని మేమనజాలము. గుర్రము బలమును దాచి, అంకెలు తగ్గించుకొనుటకు కావలెనని ఓడించు యజమానులే దీనికి అసలు చీడ. అందుకే అనుమానాస్పదమైన పరుగుపై స్టీవార్డులు విచారణ జరుపుదురు.

ఈ లెక్కలో మనుష్యుని మరచుట మరింత శోచనీయము. పదమూడు పర్యాయములు ఇంగ్లండున అగ్రగణ్యుడైన జాకీ ఫ్రెడ్ ఆర్చర్ పొడగరి. 1886 అక్టోబరులో కేంబ్రిడ్జ్‌షైర్ హాండికాపునకు బరువు తగ్గుటకై దాదాపు నిరాహారుడై యుండెను. పందెము తలవాసిలో పోయెను. కొలది దినములకు జ్వరపీడితుడై, నవంబరు 8న తన ప్రాణము తానే తీసికొనెను. వయస్సు 29 సంవత్సరములు. వైట్ నోస్ మోసిన 96 పౌనులనగా సుమారు 43.5 కిలోలు, జీనుతో సహా. నేడు మెల్‌బోర్న్ కప్పులో కనీసపు బరువు 50 కిలోలు.