సందేహాలు - సమాధానాలు: జైసల్మేర్‌లో నీటి జాడలు

ప్రశ్న: అత్తమామలతో, పిల్లలతో జైసల్మేర్ చూడాలనుకుంటున్నాం. ఏ నెలలో వెళ్లాలి? కోట లోపలే బస దొరుకుతుందట, నిజమేనా?
- ఒక గృహిణి, రోలుగుంట

జవాబు: కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం, అమ్మా. రాత్రిళ్లు చలి కొరికేస్తుంది. పెద్దవాళ్లకు స్వెట్టర్లు, మంకీ క్యాపులు తప్పనిసరి. విశాఖ నుంచి జోధ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న భగత్ కీ కోఠీకి వారానికో రైలుంది. ఆ రాత్రి జోధ్‌పూర్‌లో పడుకుని మర్నాడు జైసల్మేర్ బయలుదేరితే అత్తగారూ మామగారూ అలసిపోరు.

కోటలో బస దొరుకుతుంది. వద్దని నా సలహా. 1156లో రావల్ జైసల్ పునాది వేసిన ఆ పసుపురాతి కోటలో నేటికీ జనం కాపురముంటున్నారు, గుళ్లలో పూజలు జరుగుతున్నాయి. కోట నిలిచిన కొండ గట్టి బండ కాదు, తడి తగిలితే మెత్తబడే రాయి, మట్టి. బిందెలతో నీళ్లు మోసుకున్నన్నాళ్లూ ఇబ్బంది రాలేదు. కుళాయిలు, హోటళ్ల స్నానాల గదులు వచ్చాక వాడిన నీరంతా పునాదుల్లోకి ఇంకింది. 1990ల్లో గోడలు కొన్నిచోట్ల కూలాయి. 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన కట్టడమది. కింద ఊళ్లో దిగి, పొద్దున్నే ఎక్కి చూడండి. దారి రాళ్లు పరిచిన ఎత్తు, తొందరపడొద్దు.

ప్రశ్న: దగ్గర్లోని కుల్ధరా దయ్యాల ఊరంటున్నారు. ఒక్క రాత్రిలో ఖాళీ అయిందట. చూడదగ్గదేనా?
- ఒక రైతు, రోలుగుంట మండలం

జవాబు: తప్పక చూడండి, దయ్యాల కోసం మాత్రం కాదు. జైసల్మేర్ దివాను సాలిం సింగ్ ఒక పిల్లపై కన్నేశాడని, ఊళ్లోని పాలీవాల్ బ్రాహ్మణులు రాత్రికి రాత్రే ఊరు విడిచారని కథ. బావులు ఎండడం, పన్నుల బరువు మోయలేకపోవడం వల్ల పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లకల్లా కొద్దికొద్దిగా ఖాళీ అయిందన్నది చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. నాకూ అదే సబబనిపిస్తుంది. బతికినంత కాలం నీటి చుట్టూ బతికిన ఊరు, నీరు లేకే పోయింది.

రైతుగా మీరు అడిగి మరీ చూడాల్సింది ఖడీన్. అక్కడ ఏడాదికి కురిసేది సుమారు 20 సెంటీమీటర్లు. రాతి నేలల మీద పడిన ఆ కాస్త వానా పల్లానికి జారితే, అక్కడ పొడవాటి మట్టికట్ట వేసి ఆపుతారు. ఎక్కువైతే అలుగు మీదుగా పోతుంది. మన చెరువు నీరు తూము గుండా కింది ఆయకట్టుకు వెళ్తుంది కదా, ఖడీన్‌లో చెరువు గర్భమే పొలం. నీరు ఇంకాక ఆ పదునులో గోధుమ, శనగ చల్లుతారు. మళ్లీ తడి పెట్టే పని లేదు. పాలీవాల్‌లు వందల ఏళ్ల కిందట నిలబెట్టిన పద్ధతి ఇది, జైసల్మేర్ పల్లెల్లో ఇప్పటికీ ఉంది. శిథిలాల గోడలకన్నా ఆ కట్టల దగ్గరే ఎక్కువసేపు ఉండండి. స్థానిక రైతు ఎవరైనా కనిపిస్తే పలకరించండి, హిందీ వచ్చినవారు వెంట ఉంటే చాలు.

ప్రశ్న: ఇసుక దిబ్బల దగ్గర పాటలు పాడేవాళ్లెవరు? వీడియో తీయొచ్చా?
- ఒక డిగ్రీ విద్యార్థిని, రోలుగుంట

జవాబు: చాలామంది మాంగణియార్లు. ముస్లింలు. తరతరాలుగా హిందూ రాజపుత్ర కుటుంబాల ఇళ్లలో పురుడు, పెళ్లి పాటలు పాడేది వీళ్లే. కృష్ణుడి పాటలూ పాడతారు. ఆ వంశాల పేర్లు వీళ్ల నోట్లోనే నిలిచాయి. వీళ్లలో కమాయచా అనే తీగవాద్యం వాయించిన సాకర్ ఖాన్‌కు 2012లో పద్మశ్రీ వచ్చింది.

సమ్ దిబ్బల గుడారాల్లో యాత్రికులు సినిమా పాటలు అడుగుతారు, వాళ్లూ పాడేస్తారు. మీరు అలా అడగొద్దమ్మా. ‘కమాయచా మీద మీ ఇంటి పాట వినిపిస్తారా’ అనండి, ముఖం వెలిగిపోతుంది. వీడియోకి ముందు అనుమతి తీసుకోండి. డబ్బు గుడారం యజమానికి కట్టేశాం కదా అనుకోక, పాడినవారి చేతికే విడిగా ఇవ్వండి. పేరు, ఊరు అడిగి రాసుకుని, వీడియో ఎక్కడ పెట్టినా దాని కింద ఆ పేరు పెట్టండి.