మందం ఒక్కటే చాలదు చెల్లీ, ఒంటికి అతకాలి

చెల్లీ, అండమాన్‌లో డైవింగ్ నేర్చుకున్నదానివి, కాలిఫోర్నియాలోని బే ఏరియాకి కాపురానికొచ్చాక మాంటెరే సముద్రంలో దిగాలని ముచ్చటపడుతున్నావంటే నాకెంత సంతోషమో! తప్పకుండా దిగు. అక్కడ కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు అడవుల మధ్య ఈదడం పొంది తీరాల్సిన అనుభవం. అయితే ముందు వెట్‌సూట్ సంగతి మాట్లాడుకుందాం.

అండమాన్‌లోని హావ్‌లాక్‌లో నువ్వు దిగింది 28 డిగ్రీల నీళ్ళలోకి. 3 మి.మీ. సూటు సరిపోయింది. మాంటెరేలో ఏడాది పొడవునా నీళ్ళు సుమారు 10 నుంచి 15 డిగ్రీల మధ్యే ఉంటాయి. పైగా మనకు ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లోనే అక్కడి నీళ్ళు మరీ చల్లన. వాయవ్యం నుంచి వీచే గాలులకు పైనీళ్ళు తీరం నుంచి దూరంగా జరిగిపోతే, ఆ చోట్లోకి అడుగునున్న చన్నీళ్ళు తన్నుకొస్తాయి. కెల్ప్‌ను పెంచేదీ ఆ నీళ్ళు మోసుకొచ్చే పోషకాలే. ఒడ్డున ఎండ కాస్తోంది కదా అని మోసపోకు. తొలిసారి సెప్టెంబరులోనో అక్టోబరులోనో దిగితే చలి కాస్త తగ్గి ఉంటుంది.

గాలికన్నా నీళ్ళు మన ఒంట్లోని వేడిని ఇరవై అయిదు రెట్లు వేగంగా లాగేస్తాయి. అందుకే అక్కడ 7 మి.మీ. సూటు, హుడ్, చేతులకు గ్లోవ్స్, కాళ్ళకు బూటీలు మామూలు. అసలు వెట్‌సూట్ నీళ్ళను పూర్తిగా ఆపదు. కాసిని లోపలికి వస్తాయి, మన ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే నిలుస్తాయి. చలిని ఆపేది మాత్రం సూటును కుట్టే నియోప్రీన్ అనే రబ్బరు నురుగులో ఇమిడిన సన్నని బుడగలే. 1950ల తొలినాళ్ళలో బర్క్‌లీలో పనిచేసిన హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్తకు తట్టిన ఆలోచన ఇదే. ఒళ్ళు పొడిగా ఉండక్కర్లేదు, తడిసినా వెచ్చగా ఉండొచ్చని ఆయన గ్రహించాడు.

ఆ బుడగలే లోతుకు వెళ్తే నలుగుతాయి. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై, బుడగలోని వాయువు సగానికి కుంచించుకుపోతుంది. ఇంకా దిగితే ఇంకా పలచన. షాపులో కొన్న ఏడు మిల్లీమీటర్లు అడుగున ఏడుగా ఉండవన్నమాట. సూటు నలిగేకొద్దీ దాని తేలుడూ తగ్గిపోతుంది. పైన మునగడానికి నడుముకు సీసం ఎక్కువ కట్టుకోవాలి, కింద బీసీడీలోకి, అంటే తేలుడును సరిచేసే జాకెట్‌లోకి, గాలి కొంచెం కొంచెంగా నింపుకోవాలి. అండమాన్‌లో కట్టుకున్న బరువు లెక్క మాంటెరేలో పనికిరాదు, లోతు తక్కువున్న చోట కొత్తగా సరిచూసుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఎంత మందం సూటైనా లోపలి నీళ్ళు కదులుతుంటే దండగే. వెచ్చబడిన నీళ్ళు జారిపోయి, ప్రతి కదలికకూ కొత్త చన్నీళ్ళు వీపున పారుతుంటాయి. ఒదులుగా ఉన్న 7 మి.మీ. కన్నా ఒంటికి అతికిన 5 మి.మీ. సూటే వెచ్చగా ఉండొచ్చు. ఇక్కడే మన ఆడపిల్లలకు చిక్కు. చిన్నప్పటినుంచీ ఒళ్ళు కనబడకుండా ఒదులుగా వేసుకోమనే విన్నాం. అద్దంలో పొట్ట, తొడలు తెలుస్తున్నాయని ఒక సైజు పెద్దది తీసుకుంటాం. వద్దమ్మా! ఆ సూటు నిన్ను అందంగా చూపించడానికి కాదు, నీ ప్రాణాన్ని వెచ్చగా ఉంచడానికి. షాపువాళ్ళు మగవాళ్ళ సూటే ఉందంటే మొహమాటపడి ఒప్పుకోకు. ఛాతీ దగ్గర నొక్కేసి, పిరుదుల దగ్గర పట్టేసి, నడుము దగ్గర సంచిలా వేలాడుతుంది.

వేసుకున్నాక తొందరపడకు. నడుము వెనక పల్లంలో, చంకల్లో, తొడల మధ్య ఎక్కడా ఖాళీ ఉండకూడదు. నీళ్ళు చేరేది అక్కడే. తొడల సందులో సూటు కిందికి జారి ఉంటే ఇంకా పైకి లాగాలి, లేదంటే భుజాలు పట్టేస్తాయి. చేతులు పైకెత్తు, గొంతుక్కూర్చో, గుండెనిండా ఊపిరి పీల్చు. బిగువు ఉండాలి, ఊపిరి మాత్రం ఆడాలి. మెడ దగ్గర మరీ నొక్కితే కళ్ళు తిరుగుతాయి, అలాంటిది వద్దు. గోళ్ళతో లాగకు, నియోప్రీన్ చిరుగుతుంది. వేళ్ళ మెత్తని భాగంతో కొంచెం కొంచెంగా పైకి తెచ్చుకో. పాదాలకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుంటే కాళ్ళు సులువుగా జారతాయి.

కుట్లు కూడా చూడు. సూది ఇటు గుచ్చి అటు తీసిన కుట్టులోంచి నీళ్ళు వస్తాయి. అంచులు జిగురుతో అతికించి, సూది పూర్తిగా దిగకుండా కుట్టినవి మేలు. మణికట్టు, చీలమండల దగ్గర మెత్తని పట్టీలున్న సెమీడ్రై సూటు దొరికితే ఇంకా మంచిది. జడను మెడ మీదికి ఒదులుగా అల్లుకుని హుడ్‌లోకి దోపుకో. మాస్క్ అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్ళు కారతాయి.

ఎవరూ పైకి చెప్పని మాట ఒకటి. చన్నీళ్ళలో మూత్రం తొందరగా వస్తుంది. చేతులూ కాళ్ళలో రక్తనాళాలు ముడుచుకుని, రక్తం ఒంటి నడిమికి చేరడం వల్ల అలా అవుతుంది. ఆ భయంతో నీళ్ళు తాగడం మానేయకు, డైవింగ్‌కు ముందు ఒంట్లో నీరు తగ్గడం ప్రమాదం. సొంత సూటులో చాలామంది అలా కానిచ్చేసి, పైకొచ్చాక శుభ్రంగా కడిగేసుకుంటారు. నెలసరి రోజుల్లో దిగొచ్చా అని అడిగావు కదా, ఒంట్లో బాగుంటే నిరభ్యంతరంగా దిగొచ్చు.

వణుకు మొదలైతే మాత్రం తోటివాళ్ళకు సైగ చేసి పైకి రా, ఓర్చుకోకు. వేళ్ళు మొద్దుబారితే బకిల్ తీయడం కూడా కష్టం. చలికి రక్తప్రసరణ తగ్గితే ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడమూ నెమ్మదిస్తుంది. అన్నీ సరిగా ఉన్నా నీకు చలి ఆగకపోతే, లేదా 10 డిగ్రీల కిందికి పోయే నీళ్ళలో దిగాలనుకుంటే, ఒంటికి నీళ్ళు తగలనివ్వని డ్రైసూట్ వాడకంలో శిక్షణ తీసుకో.

కొనే ముందు రెండు మూడు రకాలు అద్దెకు తీసుకుని మాంటెరేలోని శాన్ కార్లోస్ బీచ్‌లో లోతు తక్కువున్న చోట దిగి చూడు. రెడీమేడ్‌లో ఏదీ అతకకపోతే కొలతలిచ్చి చేయించుకోవచ్చు. అప్పుడు టేపు పట్టుకున్నావిడ ముందు పొట్ట లోపలికి లాక్కోకు, నడుము ఎంతుంటే అంతే రాయించు.