పాలు పంపకములలో సమాన భిన్నములు

భూమి పంపకములలో పుట్టు తగవులు రెండు తెగలు. కొన్ని ఆశవలన పుట్టును. కొన్ని లెక్క తెలియకపోవుటవలన పుట్టును. మొదటి తెగకు మందు ఈ కరపత్రమున లేదు. రెండవ తెగ తగవులు మాత్రము, భిన్నముల లెక్క కొంచెము తెలిసిన రైతు ఇంట అరగంటలో తీరదగినవి.

ఒక కుటుంబమును ఉదాహరణముగా గైకొందము. అన్నదమ్ములు మువ్వురు, భూమి 12 ఎకరములు, అనగా 480 గుంటలు. 1957 సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చువరకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఆ కాలమున ఆస్తి నంతటిని ఒక రూపాయిగా భావించి, వాటాలను అణాలలో వ్రాయు వాడుక యుండెను. ఆ రీతినే ఈ కుటుంబపు పాత పంపక పత్రమున పెద్దవానికి ఆరణాలు, నడిపివానికి అయిదణాలు, చిన్నవానికి అయిదణాలు అని వ్రాయబడినది. మనుమల నాటికి క్రొత్త పత్రము వ్రాయవలసి వచ్చెను. అందు పెద్దవాని శాఖకు 3/8 వంతు అని యున్నది. పెద్దవాని మనుమడు దానిని చూచి, "తాతగారి కాగితములో ఆరు, ఇందులో మూడు, సగము పోయినది" అని గొల్లున లేచును. చిన్నవాని మనుమడు మాత్రము, "మువ్వురన్నదమ్ములు గదా, అయిదణా లనగా మూడవ వంతే" యని నిశ్చింతగా సంతకము చేయును.

నష్టము లేనిచోట అనుమానము, నష్ట మున్నచోట నిశ్చింత! పెద్దవాని శాఖకు గుంటయైనను పోలేదు. చిన్నవాని శాఖకు పది గుంటలు పోయినవి. అది యెట్లో తెలియుటకు సమాన భిన్నము లనగా నేమో తెలిసికొనవలెను.

3/8 అను భిన్నములో క్రింది యంకె హారము. మొత్తమును ఎన్ని సమభాగములు చేసిరో అది చెప్పును. మీది యంకె లవము. ఆ భాగములలో ఎన్నింటిని తీసికొనిరో అది చెప్పును. ఈ రెండంకెలును వేరు వేరుగా వాటాను తెలుపజాలవు. రెండింటి సంబంధమే వాటా. కావున అంకెలు మారినను సంబంధము మారకున్నచో వాటా మారదు. అట్లు అంకెలు వేరై విలువ ఒకటియైన వానినే సమాన భిన్నము లందురు.

ఒక ఎకరపు చేనిని నిలువు గట్లతో 8 సమానమైన మడులు చేసి, మూడు మడులలో వరి నాటిరనుకొనుడు. వరి యున్నది 3/8 వంతు. పిమ్మట చేని నడుమ ఒక అడ్డగట్టు వేసిరి. ఇప్పుడు మడులు 16, వరి మడులు 6. గట్టు క్రింద పోవు నేలను విడిచినచో నాటిన నేల పెరుగనులేదు, తరుగనులేదు. 3/8 అన్నను 6/16 అన్నను ఆ వరియే. ఒక అడ్డగట్టునకు బదులు నాలుగు వేసినచో చేను అయిదు వరుస లగును. మడులు 40, వరి మడులు 15. ఎకరమునకు 40 గుంటలు గనుక ఇపు డొక్కొక్క మడి సరిగా ఒక గుంట. కావున 3/8, 6/16, 15/40 అను మూడును ఒకే నేలకు మూడు పేర్లు. మొదటిది బడిలెక్క, రెండవది అణాలెక్క, మూడవది గుంటలెక్క. తెలంగాణమున గుంటలు, కోస్తా రాయలసీమ జిల్లాలలో సెంట్లు వాడుక. ఎకరమునకు 100 సెంట్లు గనుక అచ్చట అదియే 37½ సెంట్లు. ఉభయ ప్రాంతములలో భూములుగల కుటుంబములవారికి ఈ నాలుగవ పేరును అవసరమే.

సూత్రము దీనినుండియే తేలుచున్నది. లవమును హారమును ఒకే సంఖ్యతో గుణించినను, ఒకే సంఖ్యతో భాగించినను భిన్నపు విలువ మారదు. ఆ సంఖ్య సున్న కాకూడదు. గుణించుట యనగా గట్లు వేయుట; భాగించుట యనగా గట్లు తీసివేయుట.

ఇచ్చట ఒక పొరపాటు తరుచుగా జరుగును. ఎనిమిదికి ఎనిమిది చేర్చినచో పదునారగును గనుక మూడింటికిని ఎనిమిది చేర్చిన సరిపోవునని కొంద రెంచుదురు. అట్లు చేసినచో 11/16 వచ్చును. 480 గుంటలలో 3/8 వంతు 180 గుంటలు. 11/16 వంతు 330 గుంటలు. ఒకే సంఖ్యను చేర్చుట న్యాయముగా కనబడును గాని, మూడింటికి ఎనిమిది చేర్చుట చిన్న పాలేరుకు పెద్ద మోపు ఎత్తినట్లే; ఎనిమిదికి అది రెట్టింపు, మూడింటికి రెట్టింపును మించిపోయినది. గుణకారము, భాగహారము మాత్రమే రెండింటిని ఒకే నిష్పత్తిలో పెంచును, తగ్గించును.

కోరిన హారము గల సమాన భిన్నమును కనుగొనుట రైతుకు నిత్యము పనికివచ్చు లెక్క. మొత్తము 480 గుంటలలో 3/8 వంతు ఎన్ని గుంటలు? 480ని 8చే భాగింపగా 60 వచ్చును; ఆ 60తో 3ను గుణింపగా 180. అనగా 4 ఎకరముల 20 గుంటలు. ఆరణాల లెక్కను చూడుడు: 480ని 16చే భాగింపగా 30, దానిని 6తో గుణింపగా మరల 180. పెద్దవాని మనుమని అనుమానము ఇచ్చట తీరవలెను.

ఇక చిన్నవాని మాట. అయిదణాలు 5/16, మూడవ వంతు 1/3. ఇవి సమానములా? పరీక్షించుటకు సులభోపాయ మున్నది. మొదటిదాని లవమును రెండవదాని హారముతోను, రెండవదాని లవమును మొదటిదాని హారముతోను అడ్డముగా గుణింపవలెను. 5ను 3తో గుణింపగా 15. 1ని 16తో గుణింపగా 16. లబ్ధములు సమానము కాలేదు గనుక భిన్నములును సమానములు కావు. దీనికి కారణము సులభము: రెండింటిని 48 హారముగా మార్చినచో 15/48, 16/48 అగును. భేదము 1/48 వంతు. 480 గుంటలలో అది 10 గుంటలు, అనగా 1210 చదరపు గజములు. నడిపివానికిని అంతే నష్టము. ఆ ఇరువురి పది పది గుంటలును ఆరణాల వాటాలో చేరినవి. పెద్దవానికి 160 గుంటలకు బదులు 180 వచ్చినవి. జ్యేష్ఠునకు అధికముగా నిత్తుమని మువ్వురును అంగీకరించి వ్రాసికొన్నచో అది వేరు మాట. సమానముగా పంచుకొంటిమని తలంచుచు 6, 5, 5 అని వ్రాసికొన్నచో అది లెక్కలోని తప్పే.

ఇట్టి తప్పు పెద్దల కాలమున ఎందుకు కలిగెను? వారు లెక్కలో మందులు కారు. కాని మన పూర్వపు కొలత లధికముగా సగము చేయుటపై కట్టబడినవి. అర, దానిలో సగము కాలు లేక పావు, దానిలో సగము పరక, దానిలో సగము వీసము. వీసమనగా 1/16. ధాన్యపు కొలతలోను పలు తావులలో తూమునకు 4 కుంచములు, కుంచమునకు 4 మానికలు; తూమునకు 16 మానికలు. సగములు, పావులు, పరకలు ఇట్టి కొలతలో కన్ను మూసికొని చెప్పవచ్చును. మూడవ వంతునకు మాత్రము ఇందు చోటు లేదు. పదునారును ఎన్ని సగములు చేసినను మూడు రాదు గనుక, 16 హారముగా 1/3కు సమానమైన భిన్నము పూర్ణసంఖ్యలలో దొరకదు. అణాను 12 పైలుగా విభజించినందున ఆ చిక్కు తీరుచుండెను: రూపాయికి 192 పైలు, మూడవ వంతు 64 పైలు, అనగా అయిదణాల నాలుగు పైలు. పత్రము వ్రాసినవాడు ఆ నాలుగు పైలు వ్రాసియుండినచో మనుమలకు తగవు లేకుండెడిది.

నేటి లెక్కలోను ఈ చిక్కు పోలేదు. నూటికిని మూడు పోదు. మూడవ వంతు అనుటకు బదులు 0.33 అని వ్రాయువారు కలరు. అది 33/100, 1/3 కాదు. 12 ఎకరములలో 33/100 వంతు 3 ఎకరముల 96 సెంట్లు. మువ్వురికిని కలిపి 11 ఎకరముల 88 సెంట్లు. మిగిలిన 12 సెంట్లు ఎవరివో పత్రమున లేదు. కావున పత్రమున 1/3 అని భిన్నముగానే వ్రాయించి, దాని ప్రక్కన గుంటలనో సెంట్లనో వ్రాయించుట మేలు. కుమార్తెకు కుమారునితోపాటు పుట్టుకచే సమానమగు హక్కు నొసగిన 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ పిమ్మట, మూడు, అయిదు, ఆరు వంతుల పంపకములు మునుపటికంటె హెచ్చుగా తటస్థించును. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె యున్న ఇంట సంతానము మధ్యనే పంచుకొన్నను మూడు వచ్చి కూర్చుండును.

పెద్ద అంకెలను చిన్నవిగా చేయుటయు తెలిసియుండవలెను. 9 ఎకరముల 30 గుంటల ఖాతాలో ఒకనికి 2 ఎకరముల 37 గుంటలు కలవు. అత డెన్నవ వంతునకు హక్కుదారు? గుంటలుగా మార్చగా 390లో 117. రెండింటిని 3చే భాగింపగా 39/130. ఇచ్చటనే పలువురు నిలిచిపోదురు. ఇంక భాగింపబడదని తలంతురు. 13 అందు దాగియున్నది. 13చే భాగింపగా 3/10. దాగిన సంఖ్యను పట్టుటకు ఉపాయము: పెద్దదానిని చిన్నదానిచే భాగింపవలెను, శేషముచే ఆ చిన్నదానిని మరల భాగింపవలెను, శేషము లేకుండు వరకు ఇట్లే చేయవలెను. 390ని 117చే భాగింపగా మూడు పోయి 39 శేషము. 117ను 39చే భాగింపగా శేషము లేదు. ఈ 39యే రెండింటి గరిష్ఠ సామాన్య భాజకము. దానిచే రెండింటిని ఒక్కమారు భాగించిన 3/10 వచ్చును. ఇక దీనిని తగ్గింప వీలులేదు.

వేరు వేరు హారములుగల వాటాలను కూడవలసి వచ్చినపుడు సమాన భిన్నముల ప్రయోజనము స్పష్టముగా కనబడును. ముస్లిము వారసత్వములో భర్త మరణించి భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె మాత్రమే యున్నచో భార్యకు 1/8. మిగిలిన 7/8లో కుమారునకు రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు. ఎనిమిదిని మూడు భాగములు చేయవలెను గనుక 24 హారముగా గైకొనవలెను. భార్యకు 3/24, కుమార్తెకు 7/24, కుమారునకు 14/24. లవములను కూడగా 24. అనగా మొత్తము సరిపోయినది. 480 గుంటలలో ఒక్కొక్క ఇరువదినాలుగవ వంతు 20 గుంటలు గనుక వరుసగా 60, 140, 280 గుంటలు. వాటాల నన్నిటిని ఒకే హారమునకు తెచ్చి లవములు కూడుట ఏ పత్రమునకైనను గట్టి పరీక్ష. కూడిక హారమునకు తగ్గినచో భూమి మిగిలినది. మించినచో లేని భూమిని పంచినారు.

భిన్నములను ఒకే హారమునకు తెచ్చు ఈ పద్ధతిని ప్రాచీన గణితజ్ఞులు కలాసవర్ణ మనిరి. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున దీనిని విస్తరించి చెప్పెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించినందున ఈ విద్య తెలుగువారి కెంతో కాలముగా పరిచితమైనదే.

ఒక హెచ్చరిక. భిన్నములు సమానమైనంత మాత్రమున భాగములు సమానము కావు. మొత్తము ఒకటే కావలెను. 12 ఎకరములలో సగమును 10 ఎకరములలో సగమును ఒకటి కావు. అట్లే తరి భూమి, చెలక కలిసిన ఖాతాలో 1/3 అని మొత్తముపై లెక్కించి ఒకనికి చెలక యంతయు కట్టినచో, గుంటలు సరిపోయినను న్యాయము సరిపోదు. తరిలో 1/3, చెలకలో 1/3, బావి నీటి వంతులో 1/3 అని వేరు వేరుగా కట్టుకొనవలెను.

పంపకములే గాక సేద్యపు పనులలోను ఈ లెక్క అక్కరకు వచ్చును. ఎకరమునకు 10 బండ్ల పెంట తోలు రైతు 12 గుంటల చెక్కకు ఎన్ని బండ్లు తోలవలెను? 12/40 అనగా 3/10. కావున 3 బండ్లు. బోర్డో మిశ్రమపు కొలత ఇంకను విశేషమైనది. పాత పుస్తకములలో 5 పౌన్ల మైలుతుత్తము, 5 పౌన్ల సున్నము, 50 గ్యాలన్ల నీరు అని యుండును. ఇప్పటి సలహాలలో ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము, 100 లీటర్ల నీరు అని యుండును. రెండు వేరు మందులని తలంచి పాతది ఘాటని కొందరు, క్రొత్తది ఘాటని కొందరు వాదింతురు. పాత కొలతలోని గ్యాలను నీరు 10 పౌన్లు తూగును; 50 గ్యాలన్లు 500 పౌన్లు. 5/500ను అయిదుచే భాగింపగా 1/100. లీటరు నీరు ఒక కిలో తూగును గనుక క్రొత్తదియు 1/100. మందు ఒకటే. వీపున మోయు యంత్రము 16 లీటర్లు పట్టునదైనచో 1/100కు సమానమైన భిన్నము 160/16000. 16 లీటర్లు 16000 గ్రాములు గనుక మైలుతుత్తము 160 గ్రాములు, సున్నము 160 గ్రాములు. మందు మిగిలినదని మరి 5 పౌన్ల మైలుతుత్తము, 5 పౌన్ల సున్నముతోపాటు 5 గ్యాలన్ల నీటిని మాత్రమే పాత కలయికకు చేర్చినచో, మైలుతుత్తము 550 పౌన్ల నీటిలో 10 పౌన్లగును. అది 1/55, అనగా ఉండవలసినదానికి ఇంచుమించు రెట్టింపు ఘాటు. పది పౌన్లకు నీరు 100 గ్యాలన్లు కావలెను.