పిట్టలకో నీళ్ళ మూకుడు

పక్షులకు చెమట పట్టదు. వాటికి స్వేదగ్రంథులు లేవని జంతుశాస్త్రంలో చదువుకుని, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని మరచిపోతాం. కాని మిట్టమధ్యాహ్నం వేపకొమ్మ మీద నోరు తెరుచుకుని రొప్పుతున్న కాకిని చూస్తే ఆ పాఠం కళ్ళకు కడుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల ఉష్ణం కావాలి. ఆ ఉష్ణాన్ని పక్షి తన ఒంట్లోంచే తీసి, నోటిలోని, గొంతులోని తడి ద్వారా బయటికి పంపుతుంది. ఒళ్ళు చల్లబడేకొద్దీ దాహం పెరుగుతుందన్నమాట. మరి పోయిన నీరు మళ్ళీ ఎక్కణ్ణుంచి రావాలి?

పల్లెల్లో ఇదివరకు ఈ ప్రశ్నే లేదు. మా చేలో మోటారు వేస్తే నీళ్ళు బోదెల్లో పారేవి. గోరింకలు, గువ్వలు గట్టు మీద వరసకట్టేవి. ఇప్పుడు గొట్టాలు భూమిలోకి పోయాయి, డ్రిప్పు వచ్చింది. నీళ్ళు పొదుపైన మాట నిజమే, దాన్ని నేను తప్పుపట్టను. పిట్టకు మాత్రం చుక్క మిగల్లేదు. కాలేజీ ఆవరణలో సరేసరి, అన్నీ మూతపెట్టిన ట్యాంకులే.

కాబట్టి తోటలో ఒక పాత్ర పెట్టాలి. బజారులో నున్నటి పింగాణీ తొట్లు అమ్ముతారు. అవి చూసేవాళ్ళకోసం చేసినవి. కుమ్మరి చేసిన వెడల్పాటి మట్టి మూకుడుకు మించింది లేదని నా అభిప్రాయం. సన్నటి రంధ్రాలగుండా నీరు ఊరి ఆవిరవుతుంది గనుక కుండలోలాగే చల్లగా ఉంటుంది. గరుకుగా ఉంటుంది గనుక పిట్ట కాలు జారదు. లోతు అంచు దగ్గర అంగుళం, నడుమ రెండంగుళాలు దాటకూడదు. కొందరు దయకొద్దీ బకెట్లు పెడతారు, వాటిలో పిచ్చుకలు, ఉడతలు పడి చస్తాయి. లోతు తొట్టే ఉంటే, నీటికి పైదాకా వచ్చేంత గరుకురాయి ఒకటి అందులో వేస్తే సరి. కొత్త సిమెంటు తొట్టిలోంచి సున్నం ఊరుతుంది. ఎర్ర లిట్మసు ముంచితే నీలమవుతుంది. రంగు మారడం మానేదాకా రోజూ నీళ్ళు పోసి పారబోయాల్సిందే.

నీడలో, నడుమెత్తు దిమ్మె మీద పెట్టండి. గుబురుపొదలకు మాత్రం రెండు మూడు గజాల ఎడం ఉండాలి. తడిసిన రెక్కలతో పిట్ట చప్పున ఎగరలేదు, ఆ సంగతి పిల్లికి మనకంటే బాగా తెలుసు.

అసలు కష్టమంతా పోషణలో ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా జీవిని కనిపెట్టాడు. ఆ దోమ అనాఫిలిస్. మన మూకుట్లో కాపురం పెట్టేది ఏడిస్, డెంగ్యూ తెచ్చేది. గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. అందుచేత నీళ్ళు రోజూ మార్చాలి. పారబోస్తే సరిపోతుందా? సరిపోదు. ఏడిస్ గుడ్లు పాత్ర గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. కొబ్బరిపీచుతో గట్టిగా రుద్ది కడగాలి. పావురాల గొంతులో పుళ్ళు పుట్టించే ట్రైకోమోనాస్ సంగతి దీనికి తలకిందులు: అది నీటి ద్వారా కూడా అంటుకుంటుంది, కాని ఎండితే చస్తుంది. ఒకదానికి రుద్దుడు, ఒకదానికి ఎండ. అందుకే రెండు మూకుళ్ళు ఉంచుకుని, ఒకటి వాడుతుంటే రెండోది ఎండబెట్టాలి. దోమలకని కిరసనాయిలు చుక్క వేయొద్దు, ఈకలు పాడవుతాయి. సబ్బూ వద్దు. బోరునీళ్ళ తెల్లచారలకు నిమ్మచెక్క చాలు. కాల్షియం కార్బొనేటు బుసబుస పొంగి వదులుతుంది.

కాసేపు దూరంగా కూర్చుని చూడండి. గోరింక ముక్కుతో నీళ్ళు తీసుకుని తలెత్తి మింగుతుంది. పావురం ముక్కు ముంచి, తల ఎత్తకుండా మనం గొట్టంతో పీల్చినట్టు పీల్చేస్తుంది. కాకి ఎండురొట్టె తెచ్చి నానబెట్టుకుంటుంది. అది వచ్చిపోయాక నీళ్ళు మార్చక తప్పదనుకోండి!

ఇక యూనియన్ వారికి ఒక మాట. మార్చిలో ఉత్సాహంగా మూకుళ్ళు పెట్టి, మేలో సెలవులకు మనం ఊళ్ళకు పోతే, అలవాటుపడిన పిట్టలు ఒట్టి మూకుటి చుట్టూ తిరుగుతాయి. నీళ్ళు మిగిలితే అంతకంటే ప్రమాదం, అవి దోమలకవుతాయి. సెలవుల్లో ఎవరు కడుగుతారో పేర్లు రాసుకున్నాకే మూకుళ్ళు కొనండి. పేర్లు చాలకపోతే నాలుగు వద్దు, రెండే పెడదాం.