సమ్మె నోటీసు రాసేముందు

గోదావరిఖని

కొడుకా,

"వచ్చే సోమవారం నుంచి పని బంద్ పెడుతున్నం పెద్దబాపు" అని నువ్వు ఫోన్ల అన్నప్పటి నుంచి అదే ఆలోచిస్తున్న. జీతం పెరగాలె అన్నదాంట్ల నాకు పేచీ లేదు. పర్మినెంటు కార్మికుడు, కాంట్రాక్టు కార్మికుడివైన నువ్వు ఒకే సీహెచ్‌పీల (కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటుల) అదే బొగ్గు దుమ్ము మింగుతరు. పే స్లిప్పులు పక్కపక్కన పెడితే మాత్రం ఒక్క కంపెనీవి అని ఎవడూ నమ్మడు. నా పేచీ అంతా ఆ సోమవారంతోనే.

నోటీసు లేకుండ దిగకున్రి. 1981ల సింగరేణిల మేము 56 రోజులు సమ్మె చేసింది దేనికి? చట్టవిరుద్ధంగ ఒక్కరోజు సమ్మె చేస్తే 8 రోజుల జీతం కోస్తమన్న నిబంధన మీదనే. ఇప్పుడు ఇంకా బిగించిన్రు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం నోటీసిచ్చినంక 14 రోజులు ఆగాలె. రాజీ చర్చలు నడుస్తుంటే దిగొద్దు. సగం మంది కూడబలుక్కొని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందికే వస్తది. మీ వాట్సాప్ గ్రూపుల తిరుగుతున్న మూకుమ్మడి లీవు ఉపాయం పనికిరాదు.

బొగ్గు గనులు కేంద్ర కార్మిక శాఖ కిందికి వస్తయి. మంచిర్యాల కలెక్టర్‌కు వినతిపత్రం ఇస్తే పేపర్ల ఫొటో పడుతది, పడనియ్యి. నోటీసు మాత్రం కాంట్రాక్టర్‌కు, సింగరేణికి, కేంద్ర కార్మిక శాఖ అధికారికి ముట్టాలె. ముట్టినట్టు ముద్ర వేయించుకొని దాచిపెట్టున్రి.

ఇగ అసలు సంగతి. ఒప్పందం మీద ఎవరు సంతకం పెడతరు? కాంట్రాక్టర్ ఒక్కడే పెడితే టెండర్ అయిపోయిన రోజు ఆ కాగితం చిత్తు. కొత్తోడు వస్తడు, నాకేం తెల్వదంటడు, పదేండ్ల సంది పనిచేసినోడు మళ్ల కొత్త కార్మికుడైతడు. అందుకే కార్మిక శాఖ అధికారి ముంగట, కంపెనీ కూడా సంతకం పెట్టేటట్టు చూడున్రి. మా కాలంల దాన్ని 12(3) ఒప్పందం అనేటోళ్లం. ఇద్దరు కూసొని రాసుకున్న కాగితానికి అంత బలం ఉండదు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని, అంటే కంపెనీ, కట్టాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలనే ఉండె, సంతకం అడుగుడు గొంతెమ్మ కోరికేం కాదు. 2022 సెప్టెంబర్‌ల కాంట్రాక్టు కార్మికుల సమ్మె రెండు వారాలు దాటి నడిచింది. ఆ ఒప్పందం కాగితం సంపాదించి, ఏ మాట అమలైంది, ఏది కాలేదో వరుసగ గీత గీయి. మీ డిమాండ్లు అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఎవరు ఆగితే ఎన్నొద్దులకు తాకుతదో కూడా లెక్క తియ్యి. 2011ల తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెల మేము బాయి దిగకపోతే కరెంటు కేంద్రాలకు బొగ్గు కరువైంది. ఓపెన్‌కాస్టుల మట్టి తీసేటోళ్లు ఒక్కలే ఆగితే అట్ల కాదు. అప్పటికే తేలిన బొగ్గు కొన్నాళ్లు వెళ్తనే ఉంటది, మేనేజ్‌మెంట్ కాలు మీద కాలేసుకొని చూస్తది. సీహెచ్‌పీల వ్యాగన్లు నింపుడు దగ్గర ఆగితే తొందరగ తాకుతది. మీరూ, మట్టి పనోళ్లూ, ఊడ్చే అక్కలూ ఒకేసారి దిగాలె. ఆ అక్కలను అడగకుండనే వాళ్ల పేర్లు మీ జాబితల రాసిన్రని విన్న. అది మంచిగ లేదు.

పర్మినెంటోళ్లతోని కొట్లాట పెట్టుకోకు. గుర్తింపు సంఘం ఎన్నికల్ల మీకు ఓటు లేదు, 2023 డిసెంబర్‌ల ఏఐటీయూసీ సంఘాన్ని గెలిపించింది వాళ్ల ఓట్లే. ఆ సంఘం పిట్ సెక్రటరీని (గని కార్యదర్శిని) పిలిచి మీ గేట్ మీటింగుల మాట్లాడించు. రానంటే, రానన్నడని అందరికీ తెలుస్తది.

మేము 56 రోజులు నిలబడ్డమంటే ఊరి నుంచి బియ్యం వచ్చేటివి, కిరాణా సేఠు ఉద్దెర ఇచ్చేటోడు. మీల చానమందికి భూమి ఓపెన్‌కాస్టుల పోయింది, నెల తిరిగితే బండి కిస్తీ కట్టాలె. ఎవరింట్ల ఎన్నొద్దుల గింజలున్నయో మగోళ్లను అడిగితే గొప్పలు చెప్తరు, ఆడోళ్లను కూసోబెట్టి అడుగు. పది రోజులకు మించి ఆగలేమని వాళ్లంటే, పది రోజుల సమ్మెకే నోటీసు రాయి.

ఒక నోటుబుక్కు పెట్టు. పేరు, పని జాగ, ఏ కాంట్రాక్టర్ కింద ఎప్పటి సంది, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల పీఎఫ్) నంబరు, పే స్లిప్పు జిరాక్సు. సంతకాలు దాంట్లనే తీస్కో. ఆదివారం అది పట్టుకొని ఇంటికి రా, నోటీసు ఇద్దరం కలిసి రాద్దాం. మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తనంటుంది, కోడలిని కూడా తీసుకొనిరా, ఆమెను అడిగేది ఉన్నది.

నీ పెద్దబాపు